ఎవరూ అడగని ఆపరేటింగ్ సిస్టమ్

పగలంతా ఆఫీసులో టికెట్లు మూసి, స్టాండప్ కాల్‌లో "నిన్న ఇది చేశాను, ఇవాళ అది చేస్తాను" అని అప్పజెప్పి ఇంటికొచ్చిన మనిషిని పట్టుకుని, మళ్లీ లాప్‌టాప్ తెరిచి ప్రోగ్రాం రాయమంటే కోపం రావడం సహజం. అయినా ఈ అధ్యాయంలో అదే చెప్పబోతున్నాను. మీ విసుగు నిజంగా ప్రోగ్రామింగ్ మీదేనా, లేక ఎవరో అడిగింది, ఎవరో ఎంచిన లైబ్రరీలతో, ఎవరో పెట్టిన గడువులోగా రాయడం మీదా? కూర్చుని ఆలోచిస్తే తేలదు. ఎవరూ అడగనిది ఒకటి రాసి చూస్తేనే తేలుతుంది.

ఎవరూ అడగని వాటిలో మహా అనవసరమైనది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ ఉంది, మ్యాక్ ఉంది, లినక్స్ ఉంది. ఇంకొకటి లేదని ఏడ్చేవాళ్లెవరూ లేరు. అయినా సరదాకి సొంతంగా ఒకటి రాసుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. పిల్లలు గుజ్జనగూళ్లు వండుతుంటే "ఎవరు తింటారు?" అని ఎవరూ అడగరు. పెద్దవాళ్లు రాత్రిళ్లు కూర్చుని కెర్నల్ రాస్తుంటే మాత్రం "ఎవరు వాడతారు?" అనే ప్రశ్న మొదట వస్తుంది. మీ ఇంట్లోనూ వస్తుంది. "ఎవరూ వాడరు" అని నిబ్బరంగా చెప్పడం నేర్చుకోండి. ఈ అభ్యాసంలో సగం అదే.

మిగతా సగం ఏమిటో చెప్పాలంటే ఒక విచిత్రమైన సిస్టమ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి.

వద్దన్నవాటితో కట్టిన ఆలయం

ఆ సిస్టమ్ కట్టిన టెర్రీ డేవిస్ అమెరికన్. 1969లో విస్కాన్సిన్‌లో పుట్టాడు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేశాడు, టికెట్‌మాస్టర్ కంపెనీలో ప్రోగ్రామర్‌గా పనిచేశాడు. తర్వాత స్కిజోఫ్రీనియా వచ్చింది. దేవుడు తన కోసం ఒక ఆలయం కట్టమన్నాడని, ఆ ఆలయం ఒక ఆపరేటింగ్ సిస్టమ్ అని నమ్మాడు. పదేళ్లకు పైగా ఒంటరిగా కూర్చుని కట్టాడు. పేర్లు చాలా మార్చి చివరికి టెంపుల్‌ఓఎస్ అన్నాడు.

దాని లక్షణాలు వింటే ముందు నవ్వొస్తుంది. తెర 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు, అంతే. రంగులు 16. ఇంటర్నెట్ లేదు. పాస్‌వర్డ్ లేదు, ఎందుకంటే వాడేది ఒక్కడే. ఒక ప్రోగ్రాం మెమరీలోకి ఇంకొకటి చొరబడకుండా ఆపే గోడలు లేవు. మామూలు సిస్టమ్‌లో కెర్నల్‌కు మాత్రమే దక్కే అధికారం ఇందులో ప్రతి ప్రోగ్రాంకూ ఉంటుంది. ఆఫీసులో ఇలాంటి డిజైన్ చూపిస్తే సెక్యూరిటీ టీం మిమ్మల్ని బతకనివ్వదు.

కానీ ఆ గోడలన్నీ ఎందుకు కట్టారో ఆలోచించండి. నలుగురు వాడే యంత్రం కాబట్టి, ఎక్కడినుంచో దిగిన ప్రోగ్రాం నడుస్తుంది కాబట్టి. ఒక్క మనిషే వాడి, నెట్‌వర్కే లేని యంత్రంలో అవి దేనికి? గోడలు తీసేశాక ఏమైందో చూస్తేనే అసలు తమాషా తెలుస్తుంది. ఒక్కో ప్రోగ్రాంకూ మెమరీ చిరునామాలను వేరుగా అనువదించే తతంగం పోయింది. ఒక పని నుంచి ఇంకో పనికి మారడం తేలికైంది. సిస్టమ్ మొత్తాన్ని డేవిస్ తానే తయారుచేసుకున్న హోలీసీ అనే భాషలో రాశాడు. సీ భాషకు అది దగ్గరి చుట్టం. కమాండ్లు కొట్టే చోటే కంపైలర్ కూర్చుని ఉంటుంది. అక్కడ మీరు టైప్ చేసే ప్రతి కమాండూ హోలీసీ వాక్యమే, కొట్టీకొట్టగానే కంపైల్ అయి నడుస్తుంది. కొటేషన్ గుర్తుల మధ్య నాలుగు మాటలు రాసి సెమీకోలన్ పెడితే చాలు, తెర మీద కనబడతాయి. సోర్స్ కోడ్ ఫైల్ మధ్యలోనే బొమ్మ అతికించుకోవచ్చు. ఆటలో వాడే ఏనుగు బొమ్మ, ఆ ఏనుగును నడిపించే కోడ్ పక్కపక్కనే ఉంటాయన్నమాట. ఇంత హంగు చేసే మామూలు ఎడిటర్లు ఇప్పటికీ నాకు తారసపడలేదు.

దీన్ని ఈ కాలపు కమడోర్ 64 అనేవాడు డేవిస్. 1980లలో ఇళ్లలోకి వచ్చిన ఆ చిన్న కంప్యూటర్‌ను ఆన్ చేస్తే బేసిక్ భాష ఎదురొచ్చేది. ఏది నొక్కితే ఏమవుతుందో పదేళ్ల పిల్లవాడు కూడా వెతికి పట్టుకోగలిగేవాడు. అలా మొత్తం తలలో పట్టేంత కంప్యూటర్ కావాలనుకున్నాడు డేవిస్. అందుకే కోడ్ లక్ష వరుసలు దాటకూడదని కట్టుబాటు పెట్టుకున్నాడు. లినక్స్ కెర్నల్‌లో ఇప్పుడు కోట్ల వరుసలున్నాయి. దాన్ని పూర్తిగా తలలో పెట్టుకోగలిగిన మనిషి లేడు, ఉండడు.

డేవిస్ జీవితం చివర్లో చితికిపోయింది. ఇల్లు వదిలి తిరిగాడు. 2018 ఆగస్టులో ఆరెగన్ రాష్ట్రంలో రైలు కింద పడి చనిపోయాడు. జబ్బు ముదిరినప్పుడు ఘోరమైన జాతి ద్వేషపు మాటలు కూడా మాట్లాడేవాడు. అతనిది మేధావితనమని, పిచ్చి వల్లే ఇంత చేయగలిగాడని రాసేవాళ్లున్నారు. నాకది అన్యాయంగా తోస్తుంది. కంపైలర్ రాయగలగడం అతను చదివిన చదువు, చేసిన ఉద్యోగం ఇచ్చిన విద్య. జబ్బు ఇచ్చింది బాధ. మనం తీసుకోవాల్సింది అతని పద్ధతి. ముందు "వద్దు"లు తేల్చుకోవడం, ఆ తర్వాతే కట్టడం.

మీ "వద్దు"ల చిట్టా

ఉద్యోగంలో మనకు వచ్చే కాగితాలన్నీ "కావాలి"తో మొదలవుతాయి. కస్టమర్‌కు ఇది కావాలి, మేనేజర్‌కు అది కావాలి. సరదా సిస్టమ్‌కు ఎదురు దిక్కు నుంచి మొదలుపెట్టండి. ఒక తెల్లకాగితం తీసుకుని ఏమేం ఉండవో రాయండి. ఇంటర్నెట్ ఉండదు. రెండో మనిషి ఉండడు. మౌస్ ఉండదు. ఫైళ్లు కూడా ఉండవేమో, ఆపేస్తే అన్నీ మరిచిపోయే యంత్రమేమో! రాస్తున్నకొద్దీ మీకే తెలుస్తుంది, భయపెట్టిన కొండ కరిగిపోతుంటుంది.

చిట్టాలో మాట సరైనదో కాదో తేల్చే పరీక్ష ఒకటుంది. ఆ "వద్దు" వల్ల మీరు రాయాల్సిన కోడ్ నిజంగా తగ్గాలి. "బగ్గులు ఉండకూడదు" అనేది వద్దు కాదు, అది మళ్లీ ఆఫీసు మాటే. "రంగులు ఉండవు" అంటే రంగులకు సంబంధించినదేదీ రాయనక్కరలేదు. అది అసలైన "వద్దు".

ఒక్కటే వద్దును పట్టుకుని వేలాడినవాళ్లు కూడా ఉన్నారు. కోలిబ్రిఓఎస్ బృందం అసెంబ్లీ తప్ప వేరే భాషలో కెర్నల్ రాయలేదు. 2004లో మెన్యుయెట్‌ఓఎస్ అనే మరో అసెంబ్లీ సిస్టమ్ నుంచి విడిపోయి మొదలైంది ఇది. కిటికీలు, మౌస్, ఆటలు, ఎడిటర్ అన్నీ కలిపి 1.44 మెగాబైట్ల పాత ఫ్లాపీలో సరిపోతాయి. మీ ఫోన్‌లో వాట్సాప్‌కు వచ్చే గుడ్ మార్నింగ్ వీడియో ఒక్కటి అంతకంటే పెద్దది.

ఇంకో జంట ఉంది. హండ్రెడ్ రాబిట్స్ అని పేరు పెట్టుకున్న ఇద్దరు కళాకారులు, డెవిన్ లూ లిన్వేగా, రెక్ బెల్. పీనో అనే చిన్న తెరచాప పడవలో కాపురం పెట్టి పసిఫిక్ దాటారు. కరెంటు సోలార్ పలకల నుంచి రావాలి, ఇంటర్నెట్ రేవు తగిలినప్పుడు మాత్రమే. వాళ్ల పనికి వాడే పెద్ద సాఫ్ట్‌వేర్లేమో గిగాబైట్లకొద్దీ అప్‌డేట్లు అడిగేవి. విసిగిపోయి 2021లో యూక్సెన్ అనే ఊహాయంత్రం తయారుచేసుకున్నారు. దానికి 32 ఆదేశాలు, 64 కిలోబైట్ల మెమరీ. అంతే. అది ఆపరేటింగ్ సిస్టమ్ కాదని వాదించేవాళ్లు వాదించుకోవచ్చు. దాని మీదే ఆ ఇద్దరూ ఎడిటర్, బొమ్మలు గీసే పరికరం, సంగీతం కూర్చే పరికరం రాసుకున్నారు. వాళ్లకు హద్దులు సముద్రం పెట్టింది. మనకు గచ్చిబౌలి ఫ్లాట్‌లో ఫైబర్ కనెక్షన్, పదహారు జీబీ ర్యామ్ ఉన్నాయి కాబట్టి హద్దులు మనమే పెట్టుకోవాలి.

512 బైట్లతో మొదలు

ఇప్పుడు చేతులకు పని. పాత పద్ధతి బయోస్ ఉన్న కంప్యూటర్‌ను ఆన్ చేస్తే, అది డిస్క్ మొదట్లో ఉన్న 512 బైట్లను చదువుతుంది. చివరి రెండు బైట్లు వరసగా 85, 170 అయితే ఇది నడపదగిన డిస్క్ అనుకుంటుంది. ఆ ముక్కను మెమరీలో 31,744వ చిరునామా దగ్గర పెట్టి (హెక్స్‌లో రాసే అలవాటున్నవాళ్లకు ఇది 7సి00) పగ్గాలు దానికి అప్పజెబుతుంది. ఆ క్షణం నుంచి యంత్రం మీది. విండోస్ లేదు, లినక్స్ లేదు, అడ్డుకునేవాడు లేడు. సాయం చేసేవాడూ లేడు, ఒక్క బయోస్ తప్ప.

కొత్త లాప్‌టాప్‌లన్నీ యూఈఎఫ్ఐ అనే వేరే పద్ధతికి మారాయి కదా అంటారా? నిజమే. అయినా మొదటి ఆటకు పాత పద్ధతే మేలు, ఎందుకంటే అందులో మీకూ యంత్రానికీ మధ్య ఉండే సరంజామా తక్కువ. అసలు లాప్‌టాప్ మీద ప్రయోగాలు చేయనే వద్దు. ఫాబ్రిస్ బెల్లార్డ్ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ మొదలుపెట్టిన క్యూఈఎంయూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది మీ కంప్యూటర్ లోపల ఒక నకిలీ కంప్యూటర్‌ను నడుపుతుంది, పాత బయోస్‌తో సహా. మీ కోడ్ అడ్డం తిరిగితే నకిలీ యంత్రం మళ్లీ మొదటినుంచి లేస్తుంది లేదా కదలక మెదలక కూర్చుంటుంది. మీ ఫోటోలు, ఫైళ్లు భద్రం. దానికి తోడు నాస్మ్ అనే అసెంబ్లర్ దింపుకోండి. ఖర్చు సున్నా.

మొదటి పూట లక్ష్యం ఒక్కటే, తెర మీద ఒక అక్షరం. బయోస్‌ను అడిగి ఒక అక్షరం వేయించి, ఆ తర్వాత ప్రాసెసర్‌ను నిద్రపుచ్చడం. పది పన్నెండు వరుసల పని. నమూనా కోడ్ ఎక్కడైనా దొరుకుతుంది గానీ కాపీ చేసి అతికించకండి. ఒక్కో వరుస ఏం చేస్తుందో చదివి, చేత్తో టైప్ చేయండి. ఏఐని అడిగితే సిస్టమ్ మొత్తం రాసిచ్చేస్తుందని మీ తమ్ముడో, టీంలో కుర్రాడో అంటాడు. రాసిస్తుంది కూడా. కారమ్స్ ఆడదామని కూర్చున్నాక స్ట్రైకర్ ఇంకొకరి చేతికిచ్చి చూస్తారా మీరు? అర్థం కాని మాటను వివరించమని అడగండి, తప్పు లేదు. రాయమని మాత్రం అడగకండి.

రెండో పూట బయోస్‌ను కూడా పక్కన పెట్టవచ్చు. అక్షరాల తెరకు ప్రత్యేకంగా ఒక మెమరీ చోటు ఉంటుంది. అడ్డంగా 80, నిలువుగా 25 గళ్లు. గడికి రెండు బైట్లు, ఒకటి అక్షరం, రెండోది రంగు. ఆ చోట్లో ఒక అంకె రాశారో లేదో తెర మీద అక్షరం మెరుస్తుంది. రోజూ ఆఫీసులో ఒక బటన్ రంగు మార్చడానికి ఎన్ని ఫైళ్లు తిరగేస్తామో గుర్తుతెచ్చుకుంటే, రెండు బైట్లతో రంగు మారడం చూసినప్పుడు కలిగే సంతోషం అర్థమవుతుంది.

ఈ అక్షరాల తెరకు తెలిసిన 256 అక్షరాల్లో తెలుగు లేదు. ఇంగ్లిష్, కొన్ని యూరప్ అక్షరాలు, గీతలు, పేకముక్కల గుర్తులు ఉంటాయి. ఇక్కడే తెలుగువాళ్లకు ఇంగ్లిష్‌వాళ్లకు దొరకని సరదా దొరుకుతుంది. యూనికోడ్ లెక్కలో "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి 6 సంకేతాలు కావాలి, స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరింటినీ కలిపి, ఒత్తులు ఎక్కడ వేలాడాలో, గుడి ఎక్కడ కూర్చోవాలో లెక్కగట్టి గీయడానికి మామూలు సిస్టమ్‌లలో పెద్ద యంత్రాంగమే పనిచేస్తుంది. అదంతా మీరు రాయాలా? చిట్టా తీసి ఒక వద్దు చేర్చండి: అక్షరాలు కలపడం ఉండదు. బయోస్‌ను అడిగితే తెర 320 చుక్కల వెడల్పు, 200 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మల తెరగా మారుతుంది. చుక్కకు ఒక బైట్, మొత్తం 64,000 బైట్లు. గళ్ల కాగితం మీద "అ" ఒక బొమ్మ, "మ్మ" ఒక బొమ్మ గీసుకోండి. గడి నిండితే ఒకటి, ఖాళీ అయితే సున్నా. ఒత్తుకు కింద చోటు వదలడం మరవద్దు, 16 వరుసలు ఇరుకు, 24 హాయి. ఆ రెండు బొమ్మలు పక్కపక్కన వేస్తే మీరు కట్టిన యంత్రం నోట మొదటి మాట "అమ్మ" అవుతుంది. పిల్లలుంటే గళ్లు నింపే పని వాళ్లకివ్వండి. మీకంటే బాగా చేస్తారు.

ఉపయోగం అనే ప్రమాదం

సరదా సిస్టమ్‌కు వచ్చే పెద్ద గండం బగ్ కాదు, మెచ్చుకునేవాళ్లు. 1991 ఆగస్టు 25న హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, పెద్దదేమీ కాదని తోటివారికి చెప్పాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. ఆ సరదా ఇప్పుడు ప్రపంచంలోని సర్వర్లను, మీ జేబులోని ఆండ్రాయిడ్‌ను మోస్తోంది. గొప్ప సంగతే. అతనికి మాత్రం అది చివరికి ఉద్యోగమైంది.

ఆండ్రియాస్ క్లింగ్ కథ నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. స్వీడన్ మనిషి. యాపిల్‌లో బ్రౌజర్ ఇంజిన్ మీద పనిచేశాడు. మత్తు పదార్థాల వ్యసనంలో చిక్కి, చికిత్సా కేంద్రంలో కోలుకున్నాడు. బయటికొచ్చాక చేతినిండా ఖాళీ సమయం. దాన్ని నింపుకోవడానికి 2018లో సెరెనిటీఓఎస్ మొదలుపెట్టాడు. కోలుకుంటున్నవాళ్లు చెప్పుకునే ప్రార్థన నుంచి తీసుకున్న పేరది. 1990ల నాటి విండోస్ రూపం, లోపల యునిక్స్ పద్ధతి. అతని పెద్ద వద్దు: బయటివాళ్ల కోడ్ వద్దు. చిన్న లైబ్రరీ నుంచి వెబ్ బ్రౌజర్ దాకా అన్నీ ఇంట్లోనే చేసుకోవాలి. వందలమంది వచ్చి చేతులు కలిపారు. విరాళాలు వచ్చాయి. 2021లో ఉద్యోగం మానేసి దీనిమీదే కూర్చున్నాడు. అందులో ఒక భాగంగా పుట్టిన లేడీబర్డ్ బ్రౌజర్ పెరిగి పెరిగి, 2024లో విడిపోయింది. క్లింగ్ బ్రౌజర్‌తో వెళ్లిపోయాడు. సెరెనిటీని మిగతావాళ్లు నడుపుకుంటున్నారు.

ఈ కథను వ్యసనానికి మందుగా చదవకండి. చికిత్స ముందు జరిగింది, సిస్టమ్ తర్వాత వచ్చింది. వ్యసనమో, కుంగుబాటో వేధిస్తుంటే మొదట వెళ్లాల్సింది డాక్టర్ దగ్గరకే. ఆ తర్వాత మిగిలే సాయంత్రాలకు కెర్నల్ అయినా, వీణ అయినా మంచి తోడే.

మీ సిస్టమ్‌ను ఎవరైనా చూసి "దీనికి వైఫై పెట్టొచ్చుగా?" అంటారు. ఆ మాట వినడానికి బాగుంటుంది, అదే ఇబ్బంది. వెంటనే ఒప్పుకోకండి. మీ చిట్టా చూపించండి. వాళ్లకు అంత కావాలంటే కోడ్ ఇచ్చి, మీరే పెట్టుకోండి అనండి. రెజ్యూమేలో పెట్టాలా అని కూడా అడుగుతుంటారు. పెట్టుకుంటే పెట్టుకోండి గానీ, రెజ్యూమే కోసమే మొదలుపెడితే మూడో వారానికే అది మళ్లీ ఆఫీసు పని అవుతుంది. ఏ ఫీచర్ చూస్తే ఇంటర్వ్యూ చేసేవాడు మెచ్చుతాడో అని ఆలోచించడం మొదలవుతుంది.

చివరగా ఒక గుమాస్తా మాట, కానీ తప్పదు. 2022లో ఐటీ కంపెనీల్లో మూన్‌లైటింగ్ (ఉద్యోగంలో ఉంటూనే బయట ఇంకో పని చేయడం) మీద జరిగిన రచ్చ మీకు గుర్తుండే ఉంటుంది. జీతం తీసుకోని సరదా పని మూన్‌లైటింగ్ కిందికి రాదని ధీమాగా ఉండకండి. చాలా ఉద్యోగ ఒప్పందాల్లో, ఉద్యోగంలో ఉండగా మీరు తయారుచేసేదంతా కంపెనీదే అనే అర్థం వచ్చే షరతు ఒకటి ఉంటుంది. కొన్నిచోట్ల అది ఆఫీసు పనికి సంబంధించినంత వరకే, కొన్నిచోట్ల హద్దు లేకుండా ఉంటుంది. చేరిన రోజు చదవకుండా సంతకం చేసిన ఆ కాగితాన్ని మెయిల్‌లో వెతికి ఒకసారి చదవండి. ఆఫీసు లాప్‌టాప్ మీద, ఆఫీసు వేళల్లో, ఆఫీసు అకౌంట్‌తో ఈ ఆట ఆడకండి. ఇంట్లో మూలన పడున్న పాత లాప్‌టాప్ చాలు. 512 బైట్లకు అది బోలెడంత యంత్రం.